కాయిల్ తలకి ఆనించి పల్స్ ఇస్తే మెదడులో అసలేం జరుగుతుంది? (తమ్ముడికి ఆర్‌టీఎంఎస్ చెప్పారు)

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. మా తమ్ముడికి 32 ఏళ్లు. రెండేళ్లుగా డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాడు. మొదటిది పనిచేయలేదని మార్చారు. రెండోది కొంత నిలబెట్టింది గానీ పూర్తిగా లేవనివ్వలేదు. పొద్దున్నే మంచం దిగడమే వాడికి పెద్ద పని. పోయిన వారం విశాఖలో చూపిస్తే సైకియాట్రిస్టు గారు ఆర్‌టీఎంఎస్ చేద్దామన్నారు. తలకి ఒక కాయిల్ ఆనించి అయస్కాంత పల్స్‌లు ఇస్తారట. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాల దాకా రావాలట.

అమ్మ "వాడి తలకి కరెంటు పెడతారా?" అని ఆ రోజు నుంచి సరిగా అన్నం తినడం లేదు. డాక్టరు గారు ఓపికగానే చెప్పారు. "ఎడమవైపు ముందు భాగం మందగించింది, దాన్ని ఉత్తేజపరుస్తాం" అన్నారు. అక్కడ తలూపి వచ్చేశాను. ఇంటికొచ్చాక సందేహాలు మొదలయ్యాయి. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను, విద్యుదయస్కాంత ప్రేరణ నాకు కొత్త కాదు. కానీ తీగచుట్టలో కరెంటు మారితే పక్క తీగలో కరెంటు పుడుతుందన్న దగ్గరే నా చదువు ఆగిపోయింది. పక్కనున్నది తీగ కాకుండా మనిషి మెదడైతే ఏమవుతుంది? ఏ కణం కదులుతుంది? మెషిన్ ఆపేశాక కూడా ప్రభావం ఎలా నిలుస్తుంది? దిగులు అనేది నుదుటి ఎడమ పక్కన ఉంటుందా? జ్ఞాపకశక్తి పోతుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. లెక్కలున్నా పరవాలేదు.

పినాకిని

టీచరు గారూ, నాది నెల్లూరు. జర్మనీలో ఒక ల్యాబ్‌లో నా పనే ఇది. టీఎంఎస్ (కాయిల్‌తో అయస్కాంత పల్స్ ఇచ్చే పద్ధతి, పదేపదే ఇస్తే ఆర్‌టీఎంఎస్) పల్స్ ఇచ్చి, అది మెదడులో ఏం చేసిందో అదే క్షణంలో ఈఈజీతో, అంటే నెత్తి మీద ఎలక్ట్రోడ్లతో మెదడు విద్యుత్ అలల్ని పట్టే పద్ధతితో చూస్తాం. నేను డాక్టర్ని కాను కాబట్టి చికిత్స చేయించాలా వద్దా అన్నది చెప్పను. లోపల ఏం జరుగుతుందో మాత్రం నాకు తెలిసినంతా చెబుతాను. చాలా పొడుగవుతుంది.

ముందు అమ్మగారి భయం సంగతి. కరెంటు తీగ ఏదీ తలకి తగలదు. ప్లాస్టిక్ తొడుగు ఉన్న కాయిల్‌లో కొన్ని వేల ఆంపియర్ల కరెంటు రెప్పపాటులో వందో వంతు సేపైనా ఉండదు. కాయిల్ ఉపరితలం దగ్గర క్షేత్రం 1.5 నుంచి 2 టెస్లా, అంటే ఎంఆర్‌ఐ మెషిన్‌లో ఉండేంత. తేడా ఏమిటంటే ఎంఆర్‌ఐలోని పెద్ద క్షేత్రం కదలకుండా ఉంటుంది. ఇది సెకనులో పదివేలో వంతు సమయంలో శిఖరానికి ఎక్కి కూలిపోతుంది. క్షేత్రం ఎంతన్నది కాదు, ఎంత వేగంగా మారిందన్నదే ముఖ్యమని మీకు నేను చెప్పక్కర్లేదు. అయస్కాంత క్షేత్రానికి పుర్రె ఎముక అడ్డే కాదు. మామూలు కరెంటుకి మాత్రం అది పెద్ద అడ్డు. 1980లో లండన్‌లో మెర్టన్, మోర్టన్ అనే ఇద్దరు నెత్తి మీద ఎలక్ట్రోడ్లు పెట్టి కరెంటుతోనే మెదడుని కదిలించారు. చెయ్యి కదిలింది, కానీ కరెంటు చాలా భాగం చర్మంలోనే పోయి బాగా నొప్పి పుట్టేది. 1985లో షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్, ఆయన సహచరులు అదే పని కాయిల్‌తో చేశారు. చెయ్యి కదిలింది, ఆ నొప్పి లేదు. ఈ రంగం మొదలైంది అక్కడే.

ఇక మెదడు లోపలికి వద్దాం. మారే క్షేత్రం వల్ల కార్టెక్స్‌లో, అంటే మెదడు పైపొరలో, మీటరుకి సుమారు 100 వోల్టుల విద్యుత్ క్షేత్రం పుడుతుంది. దానికి ముందు స్పందించేది న్యూరాన్ (నాడీకణం) ప్రధాన దేహం కాదు, దాని నుంచి సాగే పోగు, అంటే ఆక్సాన్. పోగు వంపు తిరిగే చోటా, అంతమయ్యే చోటా పొర మీద వోల్టేజీ ఎక్కువ మారుతుంది, సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి, నాడీ సంకేతం బయలుదేరుతుంది. ఒక్క మాట గట్టిగా చెప్పాలనుంది. ఆ సంకేతం మెషిన్‌ది కాదు. న్యూరాన్ తనంతట తాను రోజూ పంపే సంకేతానికీ దీనికీ ఏ తేడా లేదు. కాయిల్ పని అక్కడితో సరి. ఆ తర్వాత జరిగేదంతా మెదడు సొంతంగా చేసుకునేదే.

ఎంత లోతుకి పోతుంది? చికిత్సలో ఎక్కువగా వాడేది ఎనిమిది అంకె ఆకారంలోని కాయిల్. రెండు చుట్టలు కలిసే చోట కింద క్షేత్రం బలంగా ఉంటుంది. నెత్తి చర్మం నుంచి సుమారు రెండు సెంటీమీటర్ల లోతులో, కొద్దిపాటి వైశాల్యంలో మాత్రమే అది న్యూరాన్లని కదిలించగలదు. దూరం పెరిగేకొద్దీ వేగంగా పడిపోతుంది. లోతున ఉన్న భాగాల్ని సూటిగా తాకలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మీ దిగులు ప్రశ్నకి జవాబు దీని మీదే ఉంది.

మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లందరికీ ముందు వాళ్ల చేతి మీదే చూపిస్తాం. నాకూ అలాగే చూపించారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ మీద చిన్న ఎలక్ట్రోడ్లు అంటించి, చెవుల్లో ప్లగ్గులు పెట్టి, నెత్తి మీద, కదలికల్ని నడిపే మోటార్ కార్టెక్స్ ఉండే చోట కాయిల్ ఆనిస్తారు. టక్‌మని శబ్దం వస్తుంది, లోపలి తీగలు ఒకదాన్నొకటి నెట్టుకోవడం వల్ల. అంతే, మీరు అనుకోకుండానే చూపుడువేలు ఎగురుతుంది. నొప్పి లేదు. నా వేలు నన్నడక్కుండా కదిలిందన్న విస్మయం మాత్రం చాలాసేపు ఉండిపోయింది. పల్స్ ఇచ్చాక సుమారు 20 మిల్లీసెకన్లకి కండలో అల కనిపిస్తుంది. మెదడు నుంచి వెన్నుపాము మీదుగా చేతికి సంకేతం చేరడానికి పట్టే సమయం అది. ఆ అల ఎంత ఎత్తు లేచిందో చూసి కార్టెక్స్ ఎంత తేలిగ్గా స్పందించే స్థితిలో ఉందో చెప్పగలం.

మీ తమ్ముడికి కూడా ముందు ఇదే చేస్తారు. పదిసార్లు ఇస్తే కనీసం ఐదుసార్లు వేలు కదిలే అతి తక్కువ బలం ఎంతో కనుక్కుంటారు. దాన్ని మోటార్ థ్రెషోల్డ్ అంటారు. డిప్రెషన్‌కి సాధారణంగా దానికి 120 శాతం బలంతో చికిత్స చేస్తారు. నుదుటి చికిత్సకి వేలితో కొలతేమిటి అంటారేమో. నుదుటి వెనక భాగానికి పల్స్ ఇస్తే బయటికి కనిపించే మార్పు ఏదీ ఉండదు. వేలు ఎగిరినట్టు దిగులు ఎగరదు కదా. అందుకని కనిపించే చోట కొలిచి, కనిపించని చోట వాడతారు. ఇది మాకందరికీ అంత తృప్తినిచ్చే పద్ధతి కాదు, ఇంతకంటే మేలైనదాని కోసం చాలామంది పని చేస్తున్నారు.

"ఉత్తేజపరుస్తాం" అన్న మాటకి వస్తున్నాను. అది సగం నిజమే. నొప్పి చికిత్స కోసం వెన్నుపాము దగ్గర ఎలక్ట్రోడ్లు పెట్టించుకున్న రోగుల్లో ఇటలీలో డి లాజారో బృందం కొలిచి చూసింది. ఒక్క పల్స్‌కి ఒక్క సంకేతం కాదు, సుమారు 1.5 మిల్లీసెకన్ల తేడాతో వరసగా అనేక సంకేతాలు దిగొచ్చాయి. అంటే కాయిల్ కింద ఉన్న చిన్న వలయం అంతా కలిసి కదిలిందన్నమాట. ఆ వలయంలో ఇతర కణాల్ని అణిచే న్యూరాన్లు కూడా ఉన్నాయి, అవీ కదులుతాయి. పిడికిలి బిగించి ఉంచి పల్స్ తీసుకుంటే, కండ ఒకసారి ఎగిరాక 100 మిల్లీసెకన్లకి పైగా ఈఎంజీ గీత (కండలోని విద్యుత్‌ని చూపేది) చదునుగా అయిపోతుంది. మీరు బిగిస్తూనే ఉన్నా సరే. ఆ నిశ్శబ్దం అణిచే కణాల పని. కాబట్టి ఒక పల్స్ లేపడం, అణచడం రెండూ చేస్తుంది. ఏది పైచేయి అవుతుందనేది ఆ క్షణంలో మెదడు ఏ స్థితిలో ఉందన్న దాన్ని బట్టే.

ఈ స్థితి సంగతే నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైనది, కాస్త ఆగి చెబుతాను. 2005లో మస్సిమీని, ఆయన తోటివారు మేలుకుని ఉన్నవారికీ, కలలు లేని గాఢనిద్రలో ఉన్నవారికీ ఒకే చోట, ఒకే బలంతో పల్స్ ఇచ్చి ఈఈజీ చూశారు. మెలకువలో పల్స్ పడిన చోట నుంచి అల దూరపు భాగాలకి ఒకదాని తర్వాత ఒకటిగా పాకుతూ 300 మిల్లీసెకన్ల దాకా సాగింది. నిద్రలో మొదటి అల ఇంకా పెద్దగా లేచింది, కానీ ఆ చోటు దాటకుండానే ఆరిపోయింది. అదే మృదంగం, అదే దెబ్బ. బిగించి శ్రుతి చేసినప్పుడు ఒకలా, వదులైనప్పుడు ఇంకోలా మోగినట్టు. తర్వాత ఇదే ఆలోచనతో ఆ అల ఎంత సంక్లిష్టంగా ఉందో ఒక అంకెలో కొలిచే పద్ధతి 2013లో వచ్చింది. ప్రమాదాల తర్వాత కళ్లు తెరిచీ పలకనివారిలో లోపల స్పృహ మిగిలి ఉందా అని వెతకడానికి దాన్ని వాడుతున్నారు. పలకలేని మనిషి మెదడుని బయటి నుంచి తట్టి "ఉన్నావా?" అని అడగగలగడం నా దృష్టిలో చాలా గొప్ప విషయం.

మెషిన్ ఆపాక ఎలా నిలుస్తుందన్నారు. ఒక్కో పల్స్ ప్రభావం సెకనులోపే పోతుంది. అదే పల్స్‌లు ఒక లయలో వరసగా ఇస్తే న్యూరాన్ల మధ్య కూడళ్లు, అంటే సినాప్స్‌లు, బలం మార్చుకుంటాయి. స్థూలంగా సెకనుకి ఒకటి చొప్పున ఇస్తే స్పందన తగ్గుతుందనీ, ఐదు పది చొప్పున ఇస్తే పెరుగుతుందనీ చెబుతారు. 2005లో లండన్‌లో హువాంగ్, రోత్‌వెల్ తదితరులు థీటా బర్స్ట్ అనే లయని చూపించారు. సెకనుకి 50 లెక్కన మూడు పల్స్‌ల గుత్తి, అలాంటి గుత్తులు సెకనుకి ఐదు. రెండు సెకన్లు ఇచ్చి ఎనిమిది సెకన్లు ఆపుతూ పోతే స్పందన పెరిగింది. ఆపకుండా 40 సెకన్లు ఇస్తే తగ్గింది, ఆ తగ్గుదల గంట దాకా నిలిచింది. అదే పల్స్‌లు, మధ్యలో విరామం ఒక్కటే తేడా. మెమాంటిన్ అనే మందు ముందుగా ఇస్తే ఈ మార్పులు రాలేదు. అది అడ్డుకునేది ఎన్‌ఎండీఏ గ్రాహకాల్ని. కొత్త విషయం నేర్చుకునేటప్పుడు సినాప్స్‌లు మారడానికి కావాల్సినవీ అవే. అంటే మెదడు నేర్చుకోవడానికి వాడే దారినే ఈ చికిత్సా వాడుకుంటోంది. ఒక్క పూట చేస్తే గంటలో చెరిగిపోయేది కాబట్టి రోజూ, వారాల తరబడి చేస్తారు.

ఇక దిగులు. అది నుదుటి ఎడమ పక్కన కూర్చుని ఉండదు. కాయిల్ పెట్టే చోటుని డీఎల్‌పీఎఫ్‌సీ అంటారు. అక్కడి నుంచి మెదడు లోతుల్లోకి దారులున్నాయి. 1997లో మాంట్రియల్‌లో పౌస్ బృందం టీఎంఎస్ ఇస్తూనే పెట్ స్కాన్ తీసి, కాయిల్ కింద మాత్రమే కాక దానితో కలిసిన దూరపు భాగాల్లోనూ రక్తప్రసారం మారుతోందని చూపించింది. 2001లో అదే ఊళ్లో స్ట్రాఫెల్లా బృందం ఎడమ డీఎల్‌పీఎఫ్‌సీకి పల్స్‌లిస్తే లోతున ఉన్న కాడేట్ అనే భాగంలో డోపమిన్ విడుదలవుతోందని చూపించింది. కాయిల్ అంత లోతుకి చేరదని పైన చెప్పాను. అయినా అక్కడ రసాయనం మారింది, ఎందుకంటే కబురు మోసుకెళ్లింది మెదడే. డిప్రెషన్‌లో ఎక్కువగా రగులుతూ కనిపించే సబ్‌జెన్యువల్ సింగ్యులేట్ అనే భాగం కూడా అలాగే లోతున ఉంటుంది. నుదుటి మీద ఏ చోటు పనితీరు దీనికి ఎదురుగా నడుస్తుందో, అంటే అది పెరిగితే ఇది తగ్గుతుందో, ఆ చోట చికిత్స చేసినవారికి ఎక్కువ మేలు జరిగిందని 2012లో ఫాక్స్, ఆయన సహచరులు లెక్కగట్టారు. కాబట్టి మీ డాక్టరు గారు చెప్పింది తప్పు కాదు, చిన్నది చేసి చెప్పారు. మందగించిన ఒక ముక్కని లేపడం కంటే, ఒక వలయంలో అందే చోట చెయ్యి వేసి అందని చోటుని మార్చే ప్రయత్నం అనుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

జ్ఞాపకశక్తికి భయం లేదు. మత్తు ఇవ్వరు, ఈసీటీలో (మత్తిచ్చి తలకి కరెంటు ఇచ్చే చికిత్సలో) లాగా ఫిట్స్ తెప్పించరు. ఈసీటీ వేరు, ఇది వేరు. ఈసీటీ కూడా తీవ్రమైన డిప్రెషన్‌లో ప్రాణాలు నిలబెట్టే చికిత్సే, దాన్ని తక్కువ చేయడం లేదు.

కూకట్‌పల్లి_బాటసారి

నేను చేయించుకున్నవాణ్ణి, హైదరాబాద్‌లో. సైన్సు పైన మేడం గారు చెప్పేశారు, నేను కుర్చీలో కూర్చున్నవాడి సంగతి చెబుతాను.

కుర్చీ వెనక్కి వాలుతుంది. తల కదలకుండా పట్టీ వేస్తారు, చెవుల్లో ప్లగ్గులు పెడతారు. పల్స్‌లు పడేటప్పుడు నెత్తి మీద ఎవరో గోటితో గట్టిగా కొడుతున్నట్టు ఉంటుంది. ఎడమ కనుబొమ్మ దానంతటదే అదిరేది, ఒక్కోసారి కంటి వెంట నీళ్లు కారేవి. మొదట్లో తలనొప్పి వచ్చేది, మామూలు పారాసిటమాల్‌తో తగ్గేది. కాయిల్ ఒక్క పిసరు పక్కకి జరిపితే ఆ అదురు తగ్గేది, కాబట్టి నొప్పి ఉంటే ఓర్చుకోకుండా చెప్పమనండి. అయిపోయాక నేనే బండి నడుపుకుంటూ ఇంటికెళ్లేవాణ్ణి.

మొదటి వారాల్లో ఏమీ తెలియలేదు, మానేద్దామనిపించింది. నాకంటే ముందు మా వదినకి తెలిసింది. "ఇవాళ నువ్వే కూర గురించి అడిగావు మరిదీ" అంది. అప్పటిదాకా పెట్టింది తినడం, లేవడం, అంతే. పాటలు వినడం తర్వాత వచ్చింది, నవ్వు ఇంకా తర్వాత. పూర్తిగా నయమైందని చెప్పను. ఏడాది తర్వాత మళ్లీ కొంచెం కిందికి జారితే ఇంకొన్నిసార్లు చేశారు. మందులు ఇప్పటికీ వాడుతున్నాను. ఆ చీకట్లోంచి పని చేసుకోగలిగే చోటికి రావడమే నాకు చాలా పెద్దది. తమ్ముడికి చెప్పండి, మొదట ఏమీ తెలియకపోతే పనిచేయడం లేదని అర్థం కాదు.

రుజువు_కావాలి

అందరి అనుభవాలకీ గౌరవం ఉంది. కానీ రోజూ ఆస్పత్రికి వెళ్లడం, ఒకరు శ్రద్ధగా చూడడం, పెద్ద మెషిన్ పెట్టడం, వీటితోనే కొంత మేలు జరుగుతుంది. దాన్ని తీసేసి చూడాలి. 2010లో అమెరికాలో మార్క్ జార్జ్ బృందం 190 మందితో చేసిన ట్రయల్‌లో నిజమైన పల్స్‌లు తీసుకున్నవారిలో 14 శాతం మందికి డిప్రెషన్ పూర్తిగా తగ్గింది, ఉత్తుత్తి కాయిల్ పెట్టినవారిలో 5 శాతం మందికి. తేడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ వందలో 14 మంది అంటే కుటుంబానికి ముందే చెప్పాల్సిన సంగతి కాదా? పైగా ఊళ్లో కనబడే ప్రకటనలు చూస్తే పిల్లల చదువు నుంచి తలనొప్పి దాకా అన్నిటికీ ఇదే మందంటున్నారు. సెకనుకి ఒకటి తగ్గిస్తుంది, పది పెంచుతుంది అన్న సూత్రం కూడా అందరిలో పనిచేయదని విన్నాను. పినాకిని గారు దీనికి జవాబు చెప్పాలి.

పినాకిని

మంచి ప్రశ్నలు. ఆ అంకెలు సరైనవే, కుటుంబాలకి ముందే చెప్పాలన్నదీ నిజమే. ఒకటి కలుపుతాను. ఆ ట్రయల్‌లో ఉత్తుత్తి కాయిల్‌తో పోల్చిన భాగం మూడు వారాలే. 2018లో కెనడాలో 414 మందితో చేసిన ట్రయల్‌లో 37 నిమిషాల పాత పద్ధతినీ, మూడు నిమిషాల థీటా బర్స్ట్‌నీ నాలుగు నుంచి ఆరు వారాలు పోల్చారు. రెంటిలోనూ సగానికి దగ్గరగా మందిలో లక్షణాలు సగమో అంతకంటే ఎక్కువో తగ్గాయి. పూర్తిగా తగ్గింది పాతదానిలో 27 శాతం మందికి, కొత్తదానిలో 32 శాతం మందికి. అందులో ఉత్తుత్తి కాయిల్ గుంపు లేదు కాబట్టి ఈ అంకెల్లో ఆస్పత్రి వాతావరణం వల్ల వచ్చిన మేలు కూడా కలిసే ఉంది. వీళ్లంతా కనీసం ఒక మందు ఫలించనివారు లేదా మందులు పడనివారు. వాళ్లలో ఇంతమంది లేచారంటే నేను చిన్న విషయంగా చూడలేను. అందరికీ పనిచేస్తుందని మాట ఇచ్చేవారి దగ్గరికి మాత్రం వెళ్లకండి.

సూత్రం సంగతికొస్తే, మీరు విన్నది నిజం. థీటా బర్స్ట్ పుట్టిన లండన్ క్వీన్ స్క్వేర్‌లోనే, రోత్‌వెల్ కూడా ఉన్న బృందం, 2013లో 50 మందికి పైగా మనుషుల మీద దాన్ని మళ్లీ పరీక్షించింది. సగటు తీస్తే ఏ లయకీ చెప్పుకోదగ్గ ప్రభావం లేదు. కొందరిలో అనుకున్నట్టే పెరిగింది, కొందరిలో తగ్గాల్సిన చోట పెరిగింది. తమ సొంత ఫలితాన్ని తామే పరీక్షకి పెట్టి, వచ్చింది వచ్చినట్టు ప్రచురించినవారంటే నాకు చాలా గౌరవం.

నాకు దాని నుంచి అర్థమైంది ఇది. "ఈ లయ పెంచుతుంది, ఆ లయ తగ్గిస్తుంది" అని పల్స్‌లకే గుణం అంటగట్టడం చాలదు. అందుకునే మెదడు సగం నిర్ణయిస్తుంది. 2018లో ట్యూబింగెన్‌లో జ్రెనర్, జీమన్ తదితరులు మోటార్ కార్టెక్స్ మీద సహజంగా ఎగసిపడే మ్యూ అలని ఈఈజీలో అప్పటికప్పుడు చదువుతూ, అల పల్లంలో ఉన్నప్పుడు మాత్రమే పల్స్‌లు ఇచ్చారు. స్పందన పెరిగి నిలిచింది. అవే పల్స్‌లు అల శిఖరంలో ఉన్నప్పుడు ఇస్తే మార్పు రాలేదు. పల్లానికీ శిఖరానికీ మధ్య దూరం సెకనులో ఇరవయ్యో వంతు. ఆ సన్నటి సందులోనే పెద్ద తేడా ఉందని తెలిసిన రోజున మా గదిలో అందరం పని ఆపేసి దాని గురించే మాట్లాడుకున్నాం. ఇప్పటి ఆస్పత్రి మెషిన్లు చాలావరకు ఆ అలని చూడవు, తమ గడియారం ప్రకారం ఇచ్చేస్తాయి. ఫలితాలు మనిషికీ మనిషికీ ఇంతగా మారడానికి అది ఒక కారణమని నా నమ్మకం. పుర్రె మందం, మెదడు మడతల దిశ, నిద్ర, వాడే మందులు కూడా కలుస్తాయి. చోటు కూడా. పాత పద్ధతిలో వేలు కదిలిన చోట నుంచి ఐదు సెంటీమీటర్లు ముందుకి కొలిచి కాయిల్ పెట్టేవారు. చిన్న తలకీ పెద్ద తలకీ అదే కొలత. ఇప్పుడు తల కొలతలతో లెక్కగట్టడమో, ఎంఆర్‌ఐ చూస్తూ పెట్టడమో చేస్తున్నారు. టీచరు గారూ, చోటు ఎలా నిర్ణయిస్తారని తప్పక అడగండి.

గోదారిగట్టు

అందరికీ ఎంత రుణపడ్డానో చెప్పలేను. పినాకిని గారూ, మీరు రాసినది రెండుసార్లు చదివి, అమ్మకి నా మాటల్లో చెప్పాను. "తీగ తగలదు, పుట్టే సంకేతం వాడి మెదడుదే" అంటే కాస్త తేరుకుంది. బాటసారి గారి వదిన మాట తమ్ముడికే చదివి వినిపించాను, ఏమీ అనలేదు గానీ ఇంకోసారి చదవమన్నాడు.

రెండు సంగతులు డాక్టరు గారికి చెప్పలేదు. వాడికి చిన్నప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడు రాత్రిళ్లు సరిగా నిద్రపోడు, అప్పుడప్పుడు తాగుతాడు కూడా. ఇవి అడ్డమా? ఇంకొకటి, మెదడు ఏ స్థితిలో ఉందన్నదే ముఖ్యమైతే ఆ కుర్చీలో కూర్చుని వాడు ఏం ఆలోచించాలి?

వార్డు_అక్క

అమ్మా, నేను సైకియాట్రీ వార్డులో స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్లు చేశాను, టీఎంఎస్ గదిలోనూ చేశాను. ఆ రెండు సంగతులూ రేపే ఫోన్ చేసి చెప్పండి, సిగ్గుపడకండి. ఈ చికిత్సలో మేము అన్నిటికంటే జాగ్రత్తగా ఉండేది ఫిట్స్ విషయంలోనే. అది చాలా అరుదు, వెయ్యి మందిలో ఒకరికి కూడా రాదు. కానీ నిద్రలేని రాత్రి, ముందురోజు తాగిన మద్యం, తాగుడు హఠాత్తుగా మానడం, కొన్ని రకాల మాత్రలు ఆ అవకాశాన్ని పెంచుతాయి. చిన్నప్పుడు జ్వరంలో వచ్చాయన్నంత మాత్రాన చికిత్స కుదరదని కాదు, దాన్ని తూచి చూసేది డాక్టరు గారు. అవసరమైతే ముందు ఈఈజీ తీయిస్తారు. చికిత్స రోజుల్లో రాత్రి నిద్ర లేకపోతే పొద్దున కుర్చీ ఎక్కకముందే చెప్పమనండి. వేసుకునే మాత్రలన్నీ చీటీ మీద రాసుకెళ్లండి. మధ్యలో ఏదైనా మార్చినా చెప్పాలి, కొన్ని మందులు మారితే వేలు కొలత మళ్లీ తీయాల్సి వస్తుంది. చికిత్స మొదలైంది కదా అని మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.

తలలో లోహం ఉంటే, అంటే రక్తనాళానికి పెట్టిన క్లిప్పు, చెవి లోపల పెట్టిన కాక్లియర్ ఇంప్లాంట్ లాంటివి ఉంటే ఇది చేయకూడదు. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. పళ్లలో సిమెంటు ఉంటే భయం లేదు. చెవి ప్లగ్గులు లేకుండా మాత్రం ఒక్క పూట కూడా ఒప్పుకోకండి.

రెండో అభిప్రాయం కావాలంటే బెంగళూరు నిమ్హాన్స్‌లో ఈ చికిత్స ఉంది. ఈలోపు తమ్ముడికి బతకాలని లేదన్న మాట నోటివెంట వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా చెయ్యవచ్చు, తెలుగులో మాట్లాడతారు. వెంటనే ప్రమాదం అనిపిస్తే దగ్గరున్న ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పినాకిని

అక్క చెప్పినవన్నీ ముందు.

కుర్చీలో ఏం ఆలోచించాలన్న దానికి కాస్త జవాబుంది. ఓసీడీకి (వద్దన్నా పదేపదే వచ్చే ఆలోచనల జబ్బుకి) 2018లో అమెరికాలో అనుమతి పొందిన టీఎంఎస్ పద్ధతిలో, పల్స్‌లు మొదలుపెట్టేముందు రోగిని బాధపెట్టే ఆలోచనని కావాలనే కాసేపు రేపుతారు. చేతులు మురికన్న భయం ఉన్నవారిచేత మురికి వస్తువు ముట్టిస్తారన్నమాట. ఆ వలయం మేలుకుని ఉన్నప్పుడు పల్స్ పడితే మార్పు అక్కడే పట్టుకుంటుందన్నది ఆలోచన. డిప్రెషన్‌కి అలాంటి స్థిరమైన పద్ధతి లేదు. బాధాకరమైనవి గుర్తు చేసుకొమ్మని మీ అంతట మీరు మాత్రం చెప్పకండి. నిద్రపోకుండా మేలుకుని ఉంటే చాలు. నిద్రలో అల ఎలా ఆరిపోతుందో పైన చెప్పాను. చాలా చోట్ల టెక్నీషియన్లు కబుర్లు చెబుతూ మేలుకునేలా చూస్తారు.

గోదారిగట్టు

ఇప్పుడే ఫోన్ చేశాను. ఫిట్స్ సంగతి చెబితే ముందు ఈఈజీ చేద్దామన్నారు, తర్వాతే వేలు కొలత. చోటు ఎలా నిర్ణయిస్తారని అడిగితే తల కొలతలతో లెక్కగడతామన్నారు. అమ్మ కూడా వస్తానంది. కొలత తీసేటప్పుడు గదిలో ఉండి తమ్ముడి వేలు కదలడం చూడొచ్చా అని అడగమంది, రమ్మన్నారు. ఈఈజీ రిపోర్టు వచ్చాక ఇక్కడే రాస్తాను.